విన్నపములలో అన్నమాచార్యులు

మహనీయుల అంతరంగము నెఱుగుటకు వారు ఆప్తులకు వ్రాసికొన్న జాబులు మంచి ఆధారములు. తాళ్లపాక అన్నమాచార్యుల జాబు ఒక్కటియు మనకు దక్కలేదు. కాని తిరుమల ఆలయమున సంకీర్తన భాండారములో దాగియున్న రాగిరేకులు ఆ లోటును చాలవఱకు తీర్చినవి.

అధ్యాత్మ సంకీర్తనల తొలిరేకు పైనున్న కొలది పంక్తులే ఆయన జీవితమునకు మేర గీసినవి. క్రోధి సంవత్సరమున (క్రీ.శ. 1424), పదాఱేండ్ల ప్రాయమున, స్వామి ఆయనకు ప్రత్యక్షమయ్యెనట. అది మొదలు దుందుభి ఫాల్గుణ బహుళ ద్వాదశి (1503) వఱకు ఆయన చేసినవి ఈ సంకీర్తనలు. ఆ రేకు వీనిని పాడెననలేదు, రచించెననలేదు, విన్నపము చేసెనన్నది. విన్నపము సేవకుడు ఏలికకు చేసికొనునది. ప్రతి పదము చివర వేంకటేశుని నామము, జాబుపై చిరునామావలె, తప్పక నిలిచియుండుట అందులకే కాబోలు.

మనుమడు చిన్నన్న ద్విపదలో వ్రాసిన చరిత్రమునందు మఱియొక అన్నమయ్య కనబడును. పెనుగొండలో సాళువ నరసింగరాయడు తనపై అట్టి పదమొకటి చెప్పుమని కోరగా, హరిని కీర్తించిన నాలుకతో నరుని కీర్తింపనని ఆచార్యులు చెవులు మూసికొనెను. రాజు సంకెలలు వేయించెను. స్వామిని వేడగా అవి ఊడిపడెనని చిన్నన్న కథనము.

రాజునకు జంకని ఆ పురుషుడే విన్నపములలో ఎంతగా క్రుంగిపోయెనో చూడవలెను. మనసు మాట వినదని, పొట్టకై పరుల వాకిండ్ల నిలిచితినని, ఆలుబిడ్డల మోహమున దినములు గడచిపోయెనని మొఱపెట్టుకొనెను. నైచ్యానుసంధానము శ్రీవైష్ణవ కవులకు సంప్రదాయమే గనుక ప్రతి పదమును ఆత్మకథగా గ్రహించుట పొరపాటు. అయినను ఇద్దఱు భార్యలతో, బిడ్డలతో సంసారమీదిన గృహస్థు దినమున కొకటికి తక్కువగాకుండ చెప్పుకొన్న మాటలివి. దాచుకొనుటకు ఆయనకు చోటేది?

చిన్నన్న లెక్కలో సంకీర్తనలు 32,000. కుమారుడు పెదతిరుమలాచార్యులు వానిని రేకుల కెక్కించెను. నేడు మిగిలినవి సగమునకు లోపే. ఇరువదవ శతాబ్దమున సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ మున్నగువారు శ్రమించి పరిష్కరించి ప్రకటించిరి.

రేకులపై ప్రతి పదమునకు రాగము పేరున్నది, స్వరము లేదు. మన యిండ్లలో మ్రోగు వరుసలలో పెక్కు రాళ్లపల్లివారు, నేదునూరి కృష్ణమూర్తి వంటి విద్వాంసులు కూర్చినవే. ఆచార్యులు ఏ గొంతుతో విన్నవించుకొనెనో ఆ స్వామికే ఎఱుక.