మిఖాయిల్ ష్చెప్కిన్

మిఖాయిల్ సెమ్యోనొవిచ్ ష్చెప్కిన్ (నవంబరు 17, 1788 - ఆగష్టు 23, 1863) రష్యా దేశపు సుప్రసిద్ధ రంగస్థల నటుడు. రష్యన్ నాటకరంగములో సహజమైన వాచికాభినయమునకు ఆద్యునిగా ఈయనను పరిగణిస్తారు. 1805లో తొలిసారి వేషము కట్టినది మొదలు మరణించే వరకు సుమారు 58 సంవత్సరాలు ఆయన నటజీవితము సాగింది. అందులో మొదటి పదహారేళ్ళకు పైగా ఆయన స్వతంత్రుడు కాడు. చట్టము దృష్టిలో ఒక యజమాని ఆస్తి.

బాల్యము

ష్చెప్కిన్ కూర్స్క్ ప్రాంతములోని క్రాస్నొయె గ్రామములో జన్మించాడు. తల్లిదండ్రులు కౌంట్ వోల్కెన్‌స్టైన్ అనే ప్రభువునకు చెందిన వ్యవసాయ బానిసలు (సెర్ఫులు). నాటి రష్యాలో ఇట్టివారిని భూమితో పాటు గాని, విడిగా గాని అమ్మవచ్చును, కొనవచ్చును. తండ్రి సెమ్యోన్ ప్రభువు ఎస్టేటు వ్యవహారాలు చూచేవాడు కనుక కుమారునికి చదువుకొనే అవకాశము దక్కింది. బాలుడు సూజ పట్టణములోను, తరువాత కూర్స్క్‌లోను చదివాడు. సూజ బడిలో విద్యార్థులు వేసిన సుమరోకొవ్ హాస్యనాటికలో పాత్ర ధరించడముతో నాటకముపై మోజు మొదలైనది.

కూర్స్క్‌లో బార్సొవ్ సోదరుల నాటక సమాజములో ష్చెప్కిన్ తెర వెనుక నుండి నటులకు మాటలందించే పని చేసేవాడు. 1805లో ఒక ప్రదర్శన నాడు తాగుడు, జూదము వలన ఒక నటుడు రాలేకపోయాడు. ఆ స్థానములో ఫ్రెంచి రచయిత మెర్సియే నాటకము 'జోవా'లోని తపాలావాని వేషము ఈ యువకునికి దక్కింది. ఆనాటి నుండి ఆయన వెనుదిరిగి చూడలేదు.

అభినయములో మార్పు

అప్పటి నటులు సంభాషణలను రాగయుక్తముగా, గొంతెత్తి చెప్పేవారు. ప్రేమ, ద్రోహము వంటి మాటలు వస్తే కేకలు పెట్టేవారు. రంగము విడిచి వెళ్ళేటప్పుడు కుడిచేయి పైకెత్తడము ఒక నియమము. ప్రేక్షకులు కూడ దానినే గొప్ప నటనగా భావించేవారు. 1810లో ఒక జమీందారీ భవనములో ప్రిన్స్ మెష్చేర్స్కీ అనే వృద్ధ ప్రభువు సరదాకు నటించగా ష్చెప్కిన్ చూచాడు. ఆయన ఇంట్లో మాట్లాడినట్లే మాట్లాడుతున్నాడు. ఇది నటనే కాదని మొదట అనిపించింది. నాటకము ముగిసే సరికి, ఎదుట ఉన్నది నటుడు కాదు, ఆ పాత్రే అనే నమ్మకము కలిగింది.

ఆ పద్ధతిని అనుకరించబోయి ష్చెప్కిన్ పలుమార్లు విఫలుడైనాడు. ఎంత ప్రయత్నించినా సహజత్వము రాలేదు. తరువాత మోలియేర్ నాటకము 'భర్తల పాఠశాల' అభ్యాసములో, అలసిపోయి, నటించే ఓపిక లేక, తన మాటలను మామూలుగా అప్పజెప్పాడు. అప్పుడు తాను సహజముగా మాట్లాడినట్లు గ్రహించాడు. సహజత్వము అనుకరిస్తే వచ్చేది కాదని ఈ సంఘటన వలన తెలుస్తుంది. అయితే అలసట మీద ఆధారపడి ఎవరూ నటులు కాలేరు. ఆ తరువాత ఆయన దానిని కఠిన సాధనతో పట్టుకున్నాడు. పొట్టిగా, లావుగా ఉండే మనిషి, కంఠము కూడ బలహీనము. అయినను వృద్ధాప్యము వరకు ప్రతి పాత్రను కొత్తగా అభ్యసించేవాడు.

విముక్తి

1816లో ఖార్కొవ్‌లోని నాటక సమాజములో చేరి, అక్కడి నుండి పోల్తావకు వెళ్ళాడు. పోల్తావ నాటకశాల నిర్వాహకుడు ఉక్రెయిన్ కవి కోత్ల్యారెవ్‌స్కీ. ఆయన రచించిన 'నతాల్క పోల్తావ్క' వంటి నాటకాలలో ష్చెప్కిన్ వేషాలు వేశాడు. అప్పటికే దక్షిణ ప్రాంతమంతటా పేరు పొందిన ఈ నటుడు ఇంకా వోల్కెన్‌స్టైన్ కుటుంబపు ఆస్తిగానే ఉన్నాడు. చప్పట్లు తనవి, తాను మాత్రము మరొకరివాడు. 1818లో గవర్నర్ జనరల్ ప్రిన్స్ రెప్నిన్ ప్రోత్సాహముతో పోల్తావ పురప్రముఖులు చందాలు వేసి విముక్తి ధనము సేకరించారు. మిగిలిన సొమ్ము రెప్నినే పెట్టుకొని హక్కుపత్రము తన పేర వ్రాయించుకున్నాడు. అనగా ష్చెప్కిన్‌కు అప్పుడు యజమాని మారాడే గాని స్వేచ్ఛ రాలేదు. పూర్తి విముక్తికి 1822 దాకా వేచి ఉండవలసి వచ్చింది.

మాస్కోలో

1822లో మాస్కోలో జగోస్కిన్ నాటకముతో ప్రవేశించి, 1823లో రాజధాన్య నాటక సమాజములో చేరాడు. 1824లో మాలీ థియేటరు ప్రారంభమైన తరువాత జీవితాంతము అదే ఆయన వేదిక. అదే థియేటరులో మరొక మహానటుడు మొచాలొవ్ ఉండేవాడు. మొచాలొవ్‌ది ఆవేశము, ష్చెప్కిన్‌ది సాధన. ఇద్దరిలో ఎవరు గొప్ప అనే తగవు నాటి మాస్కోలో ఎడతెగనిది.

గ్రిబొయెదొవ్ రచించిన 'తెలివి తెచ్చిన తంటా'లో ఫామూసొవ్, గోగోల్ 'ఇన్‌స్పెక్టర్ జనరల్'లో నగర పాలకుడు ఆయన ముఖ్య పాత్రలు. 1836లో పీటర్స్‌బర్గ్ ప్రదర్శన గోగోల్‌కు తృప్తి కలిగించలేదు. మాస్కో ప్రదర్శన భారము ఆయన ష్చెప్కిన్‌కే అప్పగించాడు. పదేళ్ళ తరువాత గోగోల్ ఆ నాటకములోని అధికారులు మన మనోవికారాలకు ప్రతీకలని చెప్పే ఒక ఉపసంహారము వ్రాయగా, ష్చెప్కిన్ ఒప్పుకోలేదు. తాను పదేళ్ళుగా సజీవులుగా ఎరిగిన మనుషులను తీసుకుపోనివ్వనని ఆయనకు లేఖ వ్రాశాడు. రచయిత చేతి నుండి అతని పాత్రలనే కాపాడిన నటుడు అరుదు.

మిత్రులు

పుష్కిన్, బెలిన్‌స్కీ, హెర్జెన్ ఆయన సన్నిహితులు. 1836లో పుష్కిన్ ఒక నోటు పుస్తకము ఇచ్చి, ఆత్మకథకు తొలి వాక్యము తానే వ్రాసి ప్రారంభింపజేశాడు. ఒక సెర్ఫ్ నటీమణి దీనగాథను ష్చెప్కిన్ చెప్పగా విని హెర్జెన్ 'దొంగ మైనా' అనే కథ వ్రాశాడు. 1853లో ష్చెప్కిన్ లండనులో ప్రవాసిగా ఉన్న హెర్జెన్‌ను కలిసి, అచ్చు పని మానమని వేడుకున్నాడు. మిత్రుల క్షేమమునకు భయపడి అట్లు చెప్పినట్లు తోస్తుంది. హెర్జెన్ అంగీకరించలేదు. తనవలెనే డబ్బు చెల్లించి విడిపించబడిన ఉక్రెయిన్ కవి షెవ్‌చెంకో, ప్రవాస శిక్ష నుండి తిరిగివస్తూ నీజ్నీ నొవ్‌గొరొద్‌లో ఆగినప్పుడు, 69 ఏళ్ళ ష్చెప్కిన్ 1857 డిసెంబరు చలిలో అంత దూరము వెళ్ళి చూచి వచ్చాడు.

చివరి రోజులు

1855లో ఆయన నటజీవిత స్వర్ణోత్సవము జరిగినది. 1861లో రష్యాలో సెర్ఫ్ విధానము రద్దు కాగా, తన వంటి వారందరి విముక్తిని ఆయన కన్నులారా చూడగలిగాడు. 1862లో తుర్గేనెవ్ 'పరాన్నభోజి'లో కుజోవ్కిన్ పాత్ర ధరించాడు. ఇతరుల తిండి తినే నిస్సహాయుని వేషము అది. మరుసటి ఏడు ఆరోగ్యమునకై క్రిమియాకు వెళ్ళి, యాల్టాలో కన్నుమూశాడు. మాస్కోలోని ప్యాత్నీత్స్కొయె శ్మశానవాటికలో సమాధి చేశారు.

ఆయన శిష్యురాలు గ్లికేరియా ఫెదోతొవా వద్ద తరువాత స్తానిస్లావ్‌స్కీ నటన నేర్చుకున్నాడు. మాలీ థియేటరు నాటక విద్యాలయమునకు ష్చెప్కిన్ పేరు పెట్టారు. పుష్కిన్ ప్రారంభింపజేసిన ఆత్మకథ అసంపూర్ణముగానే మిగిలి, 1864లో లేఖలతో కలిపి ప్రచురితమైనది.