విశ్వేశ్వరయ్య గారు హైదరాబాదుకు ఇచ్చిన ఖాళీ జాగా

ఏటా సెప్టెంబరు 15న భారతదేశంలో ఇంజనీర్ల దినోత్సవం జరుపుకుంటారు. అది మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారి పుట్టినరోజు. కృష్ణరాజసాగర్ ఆనకట్ట, మైసూరు దివాన్ పదవి, భారతరత్న అనగానే ఆయన గుర్తుకొస్తారు. హైదరాబాదు కోసం ఆయన పనిచేసిన కొద్ది నెలల సంగతి మాత్రం మనం అంతగా చెప్పుకోము. మనలో చాలామందికి ఆ నగరంలోనో, చుట్టుపక్కలో ఇల్లో స్థలమో ఉంది. అందుకే ఆయన జీవితంలోని ఆ ఘట్టాన్ని ఈ సంచికలో గుర్తు చేయాలనిపించింది.

ఆయన పూర్వీకులది ఇప్పటి ఆంధ్రప్రదేశ్‌లో గిద్దలూరు దగ్గరి మోక్షగుండం. వాళ్ళు అక్కడినుంచి మైసూరు సంస్థానానికి వలస వెళ్ళారు. 1861లో ముద్దెనహళ్ళిలో ఆయన పుట్టారు. తండ్రి శ్రీనివాసశాస్త్రి, తల్లి వెంకటలక్ష్మమ్మ. చిన్నతనంలోనే తండ్రి పోయారు. బెంగుళూరులో పిల్లలకు పాఠాలు చెప్పుకుంటూ బి.ఎ. పూర్తి చేసి, పూనాలో ఇంజనీరింగ్ చదివి, 1884లో బొంబాయి ప్రభుత్వంలో అసిస్టెంట్ ఇంజనీరుగా చేరారు.

ఆ ఉద్యోగంలో ఆయనకు పదేపదే ఎదురైన సమస్య ఒకటే: ఒకే నేల, ఒకే నీరు, కావాలనే వాళ్ళు అనేకమంది. పూనా ప్రాంతంలోని నీరా కాలువ కింద చెరకు వేసిన రైతులు ఎక్కువ నీళ్ళు వాడేసుకుంటే మిగతా ఊళ్ళకు అందేవి కావు. నీరు ఎక్కువైన చోట నేల చవుడు బారడం, మలేరియా వ్యాపించడం మామూలైంది. ఆయన ఆయకట్టును బ్లాకులుగా విభజించి, ప్రతి బ్లాకులో కొంత భాగమే చెరకు, మిగతా భాగంలో తక్కువ నీటి పంటలు మార్చి మార్చి వేసే పద్ధతి పెట్టారు. రైతులు మొదట గట్టిగా వ్యతిరేకించారు. ఆయన వాళ్ళతో కూర్చుని నచ్చజెప్పి అమలు చేశారు. 1903లో ఖడక్‌వాస్లాలో ఆయన రూపొందించిన ఆటోమేటిక్ గేట్లు పెట్టారు.

1908 సెప్టెంబరు 28న మూసీకి వరద వచ్చింది. శంషాబాదులో 24 గంటల్లో 12.8 అంగుళాల వాన కురిసింది. సుమారు 15,000 మంది చనిపోయారు. వంతెనలు తెగిపోయాయి, వేలాది ఇళ్ళు కూలిపోయాయి. అఫ్జల్ గంజ్‌లో ఒక చింతచెట్టెక్కి 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ సమయానికి విశ్వేశ్వరయ్య గారు బొంబాయి కొలువు వదులుకుని విదేశీ పర్యటనలో ఉన్నారు. నిజాం ప్రభుత్వం పిలుపు మేరకు 1909 ఏప్రిల్‌లో హైదరాబాదు వచ్చారు.

వరద వచ్చింది నగరంలోనే అయినా ఆయన మాత్రం నగరం ఎగువకు వెళ్ళి చూశారు. అనంతగిరి కొండల నుంచి వచ్చే మూసీ, దానిలో కలిసే ఈసీ పారే ప్రాంతమంతా లెక్క కట్టించారు. అక్కడ 788 చెరువులున్నాయి, అంటే దాదాపు చదరపు మైలుకొకటి. ఆ వానకు 221 చెరువులు తెగాయి. పై చెరువు తెగితే ఆ నీళ్ళన్నీ కింది చెరువు మీద పడి అదీ తెగుతుంది. అలా గొలుసుకట్టుగా తెగి, నీళ్ళన్నీ ఒక్కసారిగా నగరం మీద పడ్డాయి. ఒడ్డున గోడలు కట్టినంత మాత్రాన ఇది ఆగదని ఆయన తేల్చారు. మూసీ మీద ఒకటి, ఈసీ మీద ఒకటి జలాశయాలు కట్టి, వరదను అక్కడ పట్టి ఉంచి, నెమ్మదిగా వదలాలని 1909 అక్టోబరులో నివేదిక ఇచ్చారు. నది ఒడ్డున ఇరుకు ఇళ్ళ బదులు తోటలు ఉండాలనీ సూచించారు.

ఆ వెంటనే ఆయన మైసూరు చీఫ్ ఇంజనీరుగా వెళ్ళిపోయారు. 1920లో ఉస్మాన్ సాగర్, అంటే మన గండిపేట, 1927లో హిమాయత్ సాగర్ పూర్తయ్యాయి. వరద కోసం తలపెట్టిన ఆ జలాశయాలే నగరానికి దశాబ్దాల పాటు తాగునీరు ఇచ్చాయి. కాలక్రమంలో అవి తాగునీటి కోసమే ఉన్నాయన్న అభిప్రాయం జనంలో స్థిరపడిపోయింది.

ఇక్కడే అసలు చిక్కు వచ్చింది. నగరం పడమటి వైపు పెరుగుతుంటే, 1996లో ప్రభుత్వం 111 జీవో ఇచ్చింది. జలాశయాల చుట్టూ 84 గ్రామాల్లో, సుమారు 1,32,000 ఎకరాల్లో పెద్ద కట్టడాల మీద, కాలుష్య పరిశ్రమల మీద ఆంక్షలు పెట్టింది. ఆ తర్వాత నగరానికి కృష్ణా, గోదావరి నీళ్ళు వచ్చాయి. గండిపేట నీళ్ళ మీద ఆధారం తగ్గిందన్న కారణంతో 2022 ఏప్రిల్‌లో 69 జీవోతో ఆ ఆంక్షలు తొలగించారు.

నేను సివిల్ ఇంజనీరింగ్ చదివి, సాఫ్ట్‌వేర్‌లో స్థిరపడ్డవాణ్ణి. మా వృత్తిలో బఫర్ అని ఒకటి ఉంటుంది. డేటా ఒక్కసారిగా వచ్చి పడినా వ్యవస్థ కూలిపోకుండా పట్టి ఉంచే జాగా అది. మామూలు రోజుల్లో సగం ఖాళీగానే కనిపిస్తుంది. వృథాగా ఉంది కదా అని తగ్గిస్తే, రద్దీ ఎక్కువైన రోజున దాని విలువ తెలుస్తుంది. విశ్వేశ్వరయ్య గారు హైదరాబాదుకు ఇచ్చింది అలాంటి జాగానే. తాగునీరు అక్కర్లేదన్న మాట నిజమే అనుకున్నా, వరద సంగతి అలాగే ఉంది. ఎగువ నేలంతా సిమెంటు అయితే వాన నీరు ఇంకదు, త్వరగా, ఎక్కువగా జలాశయంలోకి దిగుతుంది. 2020 అక్టోబరు వానల్లో నగరం దక్షిణాన పల్లె చెరువు, గుర్రం చెరువు తెగి కాలనీలు మునిగాయి. 2025 సెప్టెంబరులో జంట జలాశయాల గేట్లు ఎత్తినప్పుడు మూసీ నీళ్ళు ఎంజీబీఎస్ బస్టాండులోకి వచ్చాయి.

అలాగని ఆ 84 ఊళ్ళ రైతులను తప్పు పట్టలేం. రోడ్డుకు అవతల ఎకరం కోట్లు పలుకుతుంటే, తమ పొలానికి ఆ ధర రాదంటే ఎవరికైనా కడుపు మండుతుంది. ఈ విషయంలో అమెరికాలో ఒక పాఠం ఉంది. 1913 వరదల్లో ఒహాయోలోని డేటన్ నగరం మునిగిపోయాక, 1922 నాటికి ఎగువన ఐదు ఆనకట్టలు కట్టారు. మామూలు రోజుల్లో వాటి వెనుక నీళ్ళుండవు, పొలాలుంటాయి. ఆ భూములను కొని, వరద వస్తే మునగనిచ్చే హక్కు తమ దగ్గర ఉంచుకుని, ఇళ్ళు కట్టకూడదన్న షరతుతో చాలావరకు తిరిగి అమ్మారు. నగర క్షేమానికయ్యే ఖర్చు రైతు ఒక్కడి నెత్తిన వేయలేదు. హైదరాబాదులో రైతుకు ఆంక్షలే దక్కాయి, పరిహారం దక్కలేదు.

విశ్వేశ్వరయ్య గారిని పర్యావరణవాది అనలేం. పరిశ్రమలు లేనిదే దేశానికి బతుకు లేదని నమ్మిన మనిషి ఆయన. కృష్ణరాజసాగర్ కింద కన్నంబాడి ఊరు, అక్కడి వేణుగోపాలస్వామి గుడి మునిగిపోయాయి. 1912 నుంచి 1918 వరకు దివాన్‌గా చేసి, 1955లో భారతరత్న అందుకుని, 1962 ఏప్రిల్‌లో, నూరేళ్ళు దాటాక కన్నుమూశారు. నది ప్రవర్తన ఎగువ నేల మీద ఆధారపడుతుందని ఆయన లెక్కలు కట్టి చూపించారు. ఆ లెక్క నేటికీ మారలేదు.

ఆ చుట్టుపక్కల స్థలం కొందామనుకునే మిత్రులకు ఒక్క మాట. బయానా ఇచ్చే ముందు ఆ సర్వే నంబరు చెరువు ఎఫ్‌టీఎల్‌లోనో, బఫర్ జోన్‌లోనో ఉందేమో హెచ్‌ఎండీఏ పటాల్లో చూసుకోండి. ఊళ్ళో పెద్దవాళ్ళనెవరినైనా వానాకాలంలో నీళ్ళు ఎటునుంచి వస్తాయో అడగండి. 1909లో విశ్వేశ్వరయ్య గారు వెదికినదీ ఆ ప్రశ్నకు జవాబే.