రహీం సాబ్ – ఒక బ్యాక్ ఆటగాడి జ్ఞాపిక

మా హాస్టల్ టీములో నేను బ్యాక్ ఆడతాను. గోల్ కొట్టినవాణ్ణి భుజాల మీద ఎక్కించుకుంటారు. మనకు గోల్ పడిందంటే మాత్రం అందరి చూపూ బ్యాక్ మీదే! మొన్న పుంగనూరులో ఓడిపోయి మదనపల్లెకు తిరిగి వస్తుంటే బస్సంతా నన్నే ఆడిపోసుకుంది. మా గోల్‌కీపర్, కుప్పం అబ్బాయి, వాడొక్కడే ఏమీ అనలేదు. ఆ ఉక్రోషంతోనే సయ్యద్ అబ్దుల్ రహీం గారి చరిత్ర వెతికి చదివాను.

ఆయన 1909లో హైదరాబాదులో పుట్టారు. వృత్తి బడిపంతులు. 1950 నుంచి హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకు శిక్షణ ఇచ్చారు. ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. కుడికాలి వాటం వాళ్లను ఎడమకాలితోనే ఆడమని ప్రత్యేకంగా పోటీలు పెట్టేవారట. సికింద్రాబాదు కుర్రాడు తులసీదాస్ బలరాం దగ్గర ప్రాక్టీసుకు రావడానికి సైకిలు అద్దెకు డబ్బుల్లేకపోతే, రోజూ రూపాయి ఇచ్చి పిలిపించుకున్నారు. పంతులు బుద్ధి ఎక్కడికి పోతుంది!

1951లో ఢిల్లీ ఆసియా క్రీడల్లో ఆయన శిక్షణలో మనకు స్వర్ణం వచ్చింది. మరుసటి ఏడే హెల్సింకీ ఒలింపిక్స్‌లో మనవాళ్లు చాలామంది వట్టి కాళ్లతో ఆడి యుగోస్లావియా చేతిలో 10–1తో చిత్తయ్యారు. పది గోల్సు! ఆ రోజు మన బ్యాక్‌ల గతి తలుచుకుంటే నా పుంగనూరు బాధ ఏపాటిది? రహీం గారు మాత్రం దాన్ని పాఠంగా తీసుకున్నారు. బూట్లు తొడిగించారు, ఆట తీరు మార్చారు. 1956 మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియాను 4–2తో ఓడించి, మన దేశం నాలుగో స్థానంలో నిలిచింది.

ఇక 1962 జకార్తా. ఇజ్రాయెల్, తైవాన్‌లను రానివ్వకపోవడాన్ని మన ప్రతినిధి ఒకరు తప్పుపట్టినందుకు అక్కడి జనం మనమీద మండిపడుతున్నారు. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 2–0తో ఓటమి. ఆ తరవాత థాయ్‌లాండుతో ఆటలో మన బ్యాక్ జర్నైల్ సింగ్ తల పగిలి కుట్లు పడ్డాయి. ఇంకొకరైతే ఇంటికి పంపేవారు. రహీం గారు ఏం చేశారో తెలుసా? ఆ బ్యాక్‌నే సెంటర్ ఫార్వర్డుగా ముందుకు తోశారు! సెమీస్‌లో దక్షిణ వియత్నాం మీద ఒక గోల్, సెప్టెంబరు 4న ఫైనల్లో అదే కొరియా మీద ఇంకో గోల్ కొట్టాడు జర్నైల్, కట్టు కట్టిన తలతోనే. పి.కె. బెనర్జీ మరో గోల్ చేశాడు. 2–1, స్వర్ణం మనదే. అలాంటి స్వర్ణం మళ్లీ రాలేదు. 1970లో బ్యాంకాక్‌లో కాంస్యం తెచ్చిన కెప్టెన్ సయ్యద్ నయీముద్దీన్, ఆయనా హైదరాబాదీయే, పైగా బ్యాకే.

జకార్తా నుంచి వచ్చిన ఏడాదిలోపే, 1963 జూన్ 11న, ఊపిరితిత్తుల క్యాన్సర్ రహీం గారిని పొట్టన పెట్టుకుంది. 2024లో ఆయన మీద హిందీ సినిమా వచ్చేదాకా మా టీములో సగంమందికి ఆ పేరే తెలీదు. నాకూ అంతంతమాత్రమే, ఒప్పుకోవాలి.

ఇప్పుడు నేను సాయంత్రాలు ఎడమకాలితో ప్రాక్టీసు చేస్తున్నాను. బంతి ఎక్కువగా కంచె దాటి టమాటా తోటలో పడుతోంది. తెచ్చిచ్చేది కుప్పం అబ్బాయే.