ఇంటికి తాళం వేసినా కరెంటు బిల్లు ఎందుకొస్తుంది? ఆ లెక్క చెప్పిన హాప్కిన్సన్ కథ

మీ ఇల్లు సోంపేటలోనో, గజపతినగరంలోనో ఉందనుకోండి. పని కోసం ఇంటిల్లిపాదీ హైదరాబాద్ వెళ్లి మూడు నెలలైంది. ఇంటికి తాళం. మీటరు రీడింగు ఒక్క అంకె కూడా కదల్లేదు. అయినా బిల్లులో ఫిక్స్‌డ్ ఛార్జీ పడింది. వాడని కరెంటుకు డబ్బెందుకు కట్టాలి? వలసలు ఎక్కువగా ఉన్న శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో చాలామందికి వచ్చే సందేహమే ఇది. దీనికి 130 ఏళ్ల క్రితమే జవాబు చెప్పిన ఇంజినీరు జాన్ హాప్కిన్సన్. ఆయన జీవితం తెలిస్తే మీ బిల్లు సగం అర్థమవుతుంది.

ఎవరీ హాప్కిన్సన్?

1849లో ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్‌లో పుట్టారు. తండ్రి కూడా ఇంజినీరే. కేంబ్రిడ్జ్‌లో చదివి 1871లో గణిత పరీక్షల్లో మొదటి స్థానం సాధించారు. అంత చదువుకున్నా అక్కడే ఉండిపోకుండా బర్మింగ్‌హామ్ దగ్గర లైట్‌హౌస్ అద్దాలు తయారుచేసే ఫ్యాక్టరీలో చేరారు. కళింగపట్నం తీరంలో మీరు లైట్‌హౌస్ చూసే ఉంటారు. ఏ దీపం ఏ తీరానిదో నావికులు గుర్తుపట్టేలా వెలుగును గుంపులు గుంపులుగా మెరిపించే పద్ధతిని అభివృద్ధి చేసింది ఆయనే. ముప్పై ఏళ్లు నిండకముందే రాయల్ సొసైటీ సభ్యుడయ్యారు.

తర్వాత ఆయన దృష్టి కరెంటు మీదకు మళ్లింది. 1882లో మూడు తీగల పద్ధతికి పేటెంటు తీసుకున్నారు. దాంతో వీధుల్లో వేసే రాగి తీగల ఖర్చు సగానికి పైగా తగ్గింది. 1890లో లండన్ కింగ్స్ కాలేజీలో ప్రొఫెసర్ అయ్యారు.

1892లో ఆయన చెప్పిందేమిటి?

ఆ ఏడాది యువ ఇంజినీర్ల సంఘంలో చేసిన ప్రసంగంలో కరెంటు సరఫరా ఖర్చును రెండుగా విడదీశారు. మొదటిది బొగ్గు లాంటి ఖర్చు. ఎన్ని యూనిట్లు వాడితే అంత పెరుగుతుంది. రెండోది సిద్ధంగా ఉండటానికయ్యే ఖర్చు. సాయంత్రం అందరూ ఒకేసారి దీపాలు వేస్తారు. ఆ ఒక్క గంటకు సరిపడా బాయిలర్లు, యంత్రాలు, తీగలు ఏడాది పొడవునా ఉండాల్సిందే. రోజుకు గంటసేపు దీపం వేసే ఇంటికైనా, రాత్రంతా వేసే ఇంటికైనా ఈ ఖర్చు ఒకటే. అందుకే యూనిట్‌కు ఒక ధర, ఆ ఇల్లు గరిష్ఠంగా ఎంత లోడ్ వాడగలదో దాన్నిబట్టి మరో ఛార్జీ ఉండాలన్నారు. నేటి ఫిక్స్‌డ్ ఛార్జీకి మూలం ఇదే.

1898 ఆగస్టు 27న స్విట్జర్లాండ్‌లో పర్వతారోహణ చేస్తూ ఆయన, ఒక కొడుకు, ఇద్దరు కూతుళ్లు కలిసి ప్రమాదంలో చనిపోయారు. అప్పటికి ఆయన వయసు 49. మనిషి పోయినా ఆయన లెక్క మాత్రం ప్రపంచమంతా పాకింది.

మన బిల్లులో అది ఎంత?

ఆంధ్రప్రదేశ్‌లో 2021-22 నుంచి ఇళ్లకు నెలవారీ కనీస ఛార్జీ తీసేసి, కిలోవాట్‌కు నెలకు 10 రూపాయల ఫిక్స్‌డ్ ఛార్జీ పెట్టారు. 2022-23 ఉత్తర్వు ప్రకారం మొదటి 30 యూనిట్లకు 1.90 చొప్పున, ఆపై 75 వరకు 3 రూపాయలు, 125 వరకు 4.50 చొప్పున పడుతుంది. 2 కిలోవాట్ల సర్వీసుపై 100 యూనిట్లు వాడితే యూనిట్ల ఛార్జీ 304.50 రూపాయలు, ఫిక్స్‌డ్ ఛార్జీ 20. అంటే సిద్ధంగా ఉండే ఖర్చులో ఎక్కువ భాగం మన దగ్గర యూనిట్ ధరలోనే కలిసి ఉంది. మిగతా ఛార్జీలు, సుంకం వేరు.

అసలు ఫిక్స్‌డ్ ఛార్జీయే లేకపోతే?

తాళం వేసిన ఇంటికి ఆ పద్దు సున్నా అవుతుంది. కానీ స్తంభం, ట్రాన్స్‌ఫార్మర్, లైన్‌మన్ జీతం ఎక్కడికీ పోవు. 2018లో తిత్లీ తుపానుకు కూలిన స్తంభాలను మళ్లీ నిలబెట్టినప్పుడు తాళం వేసిన ఇంటి లైనును వదిలేయలేదు కదా! ఆ భారం యూనిట్ ధర పెరిగి పొరుగువారి మీద పడుతుంది.

మరోవైపు నష్టం కూడా చూడండి. 1 కిలోవాట్ సర్వీసుతో 30 యూనిట్లే వాడే పేద ఇంటికి 10 రూపాయలంటే యూనిట్‌కు 33 పైసలు అదనం. పైన చెప్పిన 100 యూనిట్ల ఇంటికి అది 20 పైసలే. తక్కువ వాడేవారికే బరువెక్కువ. హాప్కిన్సన్ స్వదేశంలోనూ ఇదే గొడవ. అక్కడ ఈ ఛార్జీ రోజు లెక్కన పడుతుంది. అది లేని టారిఫ్ కూడా ఇచ్చేలా చూస్తామని 2024 చివర్లో నియంత్రణ సంస్థ ఆఫ్‌జెమ్ ప్రకటించింది. అయితే అందులో యూనిట్ ధర ఎక్కువే ఉంటుంది.

మీరేం చేయొచ్చు?

బిల్లు మీద కాంట్రాక్టెడ్ లోడ్ ఎంతుందో ముందు చూడండి. ఫిక్స్‌డ్ ఛార్జీ లెక్క దానిమీదే. అవసరానికి మించి ఉంటే ఏపీఈపీడీసీఎల్ సెక్షన్ ఆఫీసులో తగ్గింపు గురించి అడగండి. సందేహాలుంటే 1912కు ఫోన్ చేయండి. కొత్త టారిఫ్ ఖరారు చేసే ముందు విద్యుత్ నియంత్రణ మండలి ప్రజాభిప్రాయ సేకరణ జరుపుతుంది. సిద్ధంగా ఉండే ఖర్చు ఎవరు, ఎంత భరించాలో తేలేది అక్కడే. మీ అభ్యంతరమేదైనా ఉంటే అప్పుడే రాతపూర్వకంగా ఇవ్వండి.