పరుగువీరుని నెమ్మది

ధ్యాన భాగము: హెబ్రీ. 12:1-2

పందెపు గీత యొద్ద నిలుచువానికి గుండె దడదడ కొట్టుకొనును, అరచేతులు చెమర్చును. ఇది లోపము కాదు; శరీరము పనికి సిద్ధపడుచున్నదనుటకు గురుతు. ఆ వేడి చాలనియెడల కాళ్లు బద్ధకించును. మితిమీరినయెడల కండరములు బిగిసి, ఊపిరి గతి తప్పి, బలము ముందే వ్యర్థమగును. 1908లో అమెరికాలో యెర్క్సు, డాడ్సన్ అను ఇద్దరు పండితులు ఎలుకలపై పరీక్షించి, కష్టమైన పనికి మితమైన ప్రేరేపణయే మేలని చూపిరి. పిదపివారు దానిని ఆటగాండ్రకును అన్వయించిరి.

ఎరిక్ లిడ్డెల్ 1902లో చైనాలోని తియెన్‌త్సిన్ పట్టణమందు స్కాట్లండు మిషనెరీ దంపతులకు జన్మించెను. ఎడింబరోలో చదువుచు పరుగులో పేరుపొందెను. 1924 పారిస్ ఒలింపిక్ పందెములలో 100 మీటర్ల తొలి పరుగులు ఆదివారమున జరుగునని తెలిసి, ప్రభువు దినమును గౌరవించి ఆ పందెమునే విడిచెను. పలువురు ఆక్షేపించిరి. ఆయన వాదులాడక 400 మీటర్లకు సాధన చేసెను.

జూలై 11న తుది పరుగు. ఆయనకు అన్నిటికంటె వెలుపలి వరుస వచ్చెను. అక్కడ తోటివారు ముందు కనబడరు. వాడుక చొప్పున వారందరితో చేతులు కలిపి తన చోట నిలిచెను. మొదటి సగము బహు వేగముగా పరుగెత్తగా, చివర సోలిపోవునని చూచువారు తలంచిరి. ఆయన తల వెనుకకు వాల్చి, 47.6 సెకండ్లలో ముగించి బంగారు పతకము పొందెను. ఆయనలో వేడి లేకపోలేదు. అది పగ్గమునకు లోబడియుండెను.

అయితే విధేయతకు కూలిగా దేవుడు పతకమిచ్చెనని తలంచకుడి. 1925లో ఆయన లండన్ మిషన్ పక్షముగా చైనాకు వెళ్లెను. మన విశాఖపట్టణమునకు 1805లో వచ్చినదియు ఆ మిషనే. 1943లో జపానువారు ఆయనను వెయిషియెన్ శిబిరములో నిర్బంధించిరి. అక్కడ పిల్లలకు చదువు చెప్పి, ఆటలాడించి, వృద్ధులకు చేదోడైయుండెను. 1945 ఫిబ్రవరి 21న మెదడులోని గడ్డ వలన, 43వ యేట, విడుదలకు ముందే కన్నుమూసెను. అక్కడ చప్పట్లు లేవు, పతకము లేదు; నెమ్మది మాత్రము విడువలేదు.

ప్రియులారా, పరీక్షకు పోవు బిడ్డకు, కోర్టు మెట్లెక్కు రైతుకు, ఆపరేషనుకు సిద్ధపడు తల్లికి గుండె దడ పుట్టును. విశ్వాసము లేకపోయెనని కుమిలిపోకుడి. గెత్సేమనేలో మన ప్రభువును వేదనపడెను గదా! ఆ దడను ప్రార్థనలో ఆయనకు అప్పగించి, ప్రక్కవారిని గాక ఆయననే చూచుచు మన వరుసలో పరుగెత్తుదము.