బొమ్మకు గొంతు కలపబోయిన ఎడిసన్



ప్రత్యేక సంచికకు ఎవరైనా మహనీయుని జీవితం రాసి ఇవ్వమని కార్యదర్శి గారు కబురు పెట్టారు. గాంధీ గారి గురించో ప్రకాశం పంతులు గారి గురించో రాస్తానని ఆయన అనుకుని ఉంటారు. నేను థామస్ ఆల్వా ఎడిసన్‌ను ఎంచుకున్నాను. కారణం సొంతదే. మూడు నెలలుగా మా ఇంట్లో ఒక పాత పెళ్లి వీడియోకు మాట అతికించే పనిలో పడ్డాను. ఈ కష్టం మొట్టమొదట పడిన మనిషి ఎవరా అని పుస్తకాలు తిరగేస్తే ఈయన తేలాడు. బల్బు సంగతి బడిపిల్లలకు కూడా తెలుసు కనుక దాని జోలికి పోను.

ఎడిసన్ 1847 ఫిబ్రవరి 11వ తేదీన అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో మిలన్ అనే ఊళ్లో ఏడవ సంతానంగా జన్మించాడు. ఏడేళ్ల వయసులో కుటుంబం మిషిగన్ రాష్ట్రంలోని పోర్ట్ హ్యూరన్‌కు మారింది. బడికి వెళ్లింది కొద్దికాలమే. తల్లి నాన్సీ ఇంట్లోనే చదువు చెప్పింది. పన్నెండేళ్లు వచ్చేసరికి డెట్రాయిట్ వెళ్లే రైల్లో పేపర్లు, తినుబండారాలు అమ్మాడు. ఆ రైల్లోనే చిన్న అచ్చుయంత్రం పెట్టి సొంత పత్రిక కూడా వేశాడు. 1862లో ఒక స్టేషన్ మాస్టరు కొడుకును బండి కింద పడకుండా కాపాడితే, ఆయన కృతజ్ఞతగా టెలిగ్రాఫు పని నేర్పాడు. ఎడిసన్‌కు చిన్నతనం నుంచే చెవుడు. పక్క యంత్రాల గోల వినబడకపోవడం టెలిగ్రాఫు పనిలో తనకు మేలే చేసిందని చెప్పుకునేవాడట. మొదటి భార్య మేరీకి పుట్టిన ఇద్దరు పిల్లలను టెలిగ్రాఫు భాషలో డాట్ అనీ డాష్ అనీ ముద్దుగా పిలిచాడు.

1869లో మొదటి పేటెంటు దక్కింది. చట్టసభలో ఓట్లను క్షణాల్లో లెక్కించే యంత్రమది. సభ్యులకు అంత వేగం అక్కర్లేకపోయింది. ఓట్లు నిదానంగా లెక్కపెడుతుంటే మధ్యలో బేరసారాలకు వీలుంటుంది కదా! ఫైలు త్వరగా కదిలితే ఇబ్బంది పడేవాళ్లు అన్ని దేశాల్లోనూ ఉన్నారన్నమాట.

అసలు విషయానికి వస్తాను. 1877 చివర న్యూజెర్సీలోని మెన్లో పార్కు ప్రయోగశాలలో ఎడిసన్ గీసిన బొమ్మ ప్రకారం క్రూసీ అనే మెకానిక్కు ఒక యంత్రం చేసిపెట్టాడు. గాడి తీసిన ఇత్తడి స్తూపం, దానిచుట్టూ పల్చని తగరపు రేకు, దానిమీద సూది, తిప్పడానికి పిడి. అంతే సామగ్రి. ఎడిసన్ పిడి తిప్పుతూ పిల్లల పాట ఒకటి గట్టిగా చదివాడు. సూదిని వెనక్కి జరిపి మళ్లీ తిప్పితే ఆ రేకు ఆయన గొంతుతోనే పాట అప్పగించింది. అక్కడున్నవారే కాదు, చేసినవాడే ఉలిక్కిపడ్డాడు. అదే ఫోనోగ్రాఫు. తర్వాతి కాలంలో ఈ చెవిటి మనిషి ఫోనోగ్రాఫు చెక్కను పళ్లతో కొరికి పట్టుకుని, ఆ అదురును పుర్రె ఎముకల ద్వారా వినేవాడు. కొన్ని పాత యంత్రాల మీద ఆ పంటి గాట్లు ఉన్నాయి.

మరుసటి సంవత్సరం ఆ యంత్రం వల్ల కలిగే ఉపయోగాలను ఎడిసన్ ఒక పత్రికలో వరుసగా రాశాడు. మొదటిది, స్టెనో లేకుండా ఉత్తరాలు చెప్పి రాయించుకోవడం. ముప్పై రెండేళ్లు గుమాస్తాగిరీ చేసినవాడిని కనుక అది చదివి నవ్వుకున్నాను. ఆ జాబితాలోనే కుటుంబంలోని వారి గొంతులను, చివరికి పోయేముందు పలికిన మాటలను కూడా దాచుకోవచ్చునని ఉంది. అక్కడ మాత్రం నవ్వు రాలేదు.

1888 ఫిబ్రవరిలో పరుగెత్తే గుర్రాల ఫోటోలతో పేరు తెచ్చుకున్న మైబ్రిడ్జ్ ఎడిసన్‌ను కలిశాడు. కదిలే బొమ్మలకు ఫోనోగ్రాఫును జతచేస్తే ఎలా ఉంటుందని ఇద్దరూ మాట్లాడుకున్నారు. ఆ అక్టోబరులోనే ఎడిసన్ పేటెంటు ఆఫీసుకు ఒక ముందస్తు నోటు పంపాడు. చెవికి ఫోనోగ్రాఫు చేసే మేలును కంటికి చేసే పరికరం మీద పని చేస్తున్నానని దాని సారాంశం. కానీ ఒళ్లొంచి చేసినవాడు సహాయకుడు డిక్సన్. కెమెరా, ఫిల్ము, చూసే పెట్టె, అన్నిటా ఆయన చెయ్యి ఉంది. పేరు మాత్రం ఎడిసన్‌ది. డ్రాఫ్టు ఒకరిది, సంతకం ఒకరిది. మనకేమీ కొత్త కాదు.

1894 చివరనో 1895 మొదట్లోనో వెస్ట్ ఆరెంజ్‌లో చిన్న ఫిల్ము ఒకటి తీశారు. డిక్సన్ ఒక పెద్ద కొమ్ముబూరా ముందు నిలబడి వయొలిన్ వాయిస్తుంటాడు. పక్కన ఇద్దరు మగవాళ్లు చేతులు పట్టుకుని నాట్యం చేస్తుంటారు. మొత్తం పదిహేడు సెకన్లు. బొమ్మ ఫిల్ము మీద, వయొలిన్ నాదం మైనపు స్తూపం మీద వేర్వేరుగా నమోదయ్యాయి. ఈ రెండు యంత్రాలనూ ఒకే నడకలో నడిపించడం వారివల్ల కాలేదు. 1895లో కైనెటోఫోన్ అని పేరుపెట్టి చూసే పెట్టెలో ఫోనోగ్రాఫు అమర్చి, చెవిగొట్టాలు తగిలించి అమ్మారు. పాట వినిపించేది, బొమ్మ ఆడేది, ఒకదానికొకటి పొత్తు లేదు. దాదాపు నలభై ఐదు మాత్రమే చేశారు.

ఎడిసన్ పట్టు వదల్లేదు. 1913లో మళ్లీ వచ్చాడు. ఈసారి తెర దగ్గర ఫోనోగ్రాఫు, హాలు వెనక ప్రొజెక్టరు, రెంటినీ కప్పీల మీదుగా కలిపే పొడవాటి తాడు. తాడు సాగేది. ఫిల్ము తెగితే అతికించేవారు. అతుకులో పోయిన నాలుగు బొమ్మల మేర మాట వెనకబడేది. నటుడు నోరు మూసుకున్నాక తెర దగ్గర గొంతు పలికేది. మొదట వింతగా చూసిన జనమే తర్వాత ఈలలు వేసి వెళ్లగొట్టారు. 1914 డిసెంబరులో వెస్ట్ ఆరెంజ్ కర్మాగారం అగ్నికి ఆహుతైంది. అరవై ఏడేళ్ల వయసులో ఎడిసన్ దాన్ని తిరిగి కట్టాడు గాని, మాట్లాడే బొమ్మల జోలికి మాత్రం మళ్లీ పోలేదు. తర్వాతివాళ్లు శబ్దాన్ని వెలుగు చారగా మార్చి అదే ఫిల్ము అంచున ముద్రించారు. రెండు యంత్రాల తగువు దాంతో తీరింది. బొంబాయిలో ఆలం ఆరా 1931 మార్చి 14న విడుదలైంది. ఎడిసన్ అదే సంవత్సరం అక్టోబరు 18న తన 84 ఏళ్ల వయసులో కన్నుమూశాడు. మన తెలుగు భక్తప్రహ్లాద 1932 ఫిబ్రవరి 6న వచ్చింది.

ఆ వయొలిన్ ఫిల్ము ఏమైందని అడుగుతారేమో. ఫిల్ము ఒకచోట, పగిలిపోయిన మైనపు స్తూపం ఇంకొకచోట నూరేళ్లు పడి ఉన్నాయి. ముక్కలు అతికించి నాదాన్ని వెలికితీశాక, 2000లో వాల్టర్ మర్చ్ అనే హాలీవుడ్ సౌండ్ నిపుణుడు కంప్యూటరు మీద బొమ్మకూ నాదానికీ పొత్తు కుదిర్చాడు. ఎడిసన్ చూడలేకపోయిన పదిహేడు సెకన్లు ఇప్పుడు ఎవరైనా చూడవచ్చు.

ఇక మా ఇంటి సంగతి. 1992లో మా పెద్దమ్మాయి పెళ్లి జరిగింది. ఆ వీడియో కేసెట్టును కొన్నేళ్ల కిందట ఒక షాపులో డిస్కులోకి మార్పించాను. బొమ్మ వచ్చింది, మాట రాలేదు. అడగబోయేసరికి అసలు కేసెట్టు ఎక్కడో పడిపోయిందన్నారు. అప్పట్లో అంతగా బాధపడలేదు. 2019లో మా ఆవిడ కాలం చేసింది. ఆ తర్వాత ఆ వీడియో పెట్టినప్పుడల్లా అప్పగింతల దగ్గర ఆవిడ పెదవులు కదలడం చూసి ఆపేసేవాణ్ణి. అప్పగింతల పాట పాడుతోందని తెలుస్తోంది. వినబడదు.

మొన్న సంక్రాంతికి మా బావమరిది అటక సర్దుతుంటే ఒక ఆడియో కేసెట్టు దొరికింది. ఆ రోజు తన టేపురికార్డరు ఆన్ చేసి ఒక మూల పెట్టాడట. ప్లగ్గులన్నీ వీడియో లైట్లకే సరిపోవడంతో సెల్సు మీద నడిపాడు.

కేసెట్టు ప్లేయరు ఇయర్‌ఫోను రంధ్రం నుంచి కంప్యూటరుకు కేబులు వేసి, ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేరులోకి మా మనవడు మొత్తం ఎక్కించాడు. ఈ సాఫ్ట్‌వేరు కూడా 2000లోనే వచ్చింది. శబ్దం గీతలా తెర మీద కనిపిస్తుంది. పాటకు ముందు ఎవరిదో ఇత్తడి చెంబు జారిపడింది. వీడియోలో అందరూ అటు తిరిగారు, టేపులో ఖంగుమంది, తెర మీద తాటిచెట్టంత గీత లేచింది. అక్కడ రెండూ కలిపాం. చివర కారు ముందు కొబ్బరికాయ కొట్టే చోటికి వచ్చేసరికి టేపు 27 సెకన్లు ముందే కొట్టేసింది. వీడియోలో ఆ మధ్య దూరం 1800 సెకన్లు, టేపులో 1773. సెల్సు బలం తగ్గి రికార్డరు నెమ్మదించింది. అలా నమోదైన టేపును సరైన వేగంతో వినిపిస్తే త్వరగా అయిపోతుంది. ఎడిసన్ తాడు కష్టం నాకు అప్పుడు బోధపడింది.

చేంజ్ స్పీడ్ అనే చోట 0.985 అని వేశాం. రెండు చివరలూ కలిశాయి, మధ్యలో కలవలేదు. సెల్సు ఒక్కసారిగా కాక క్రమంగా పడిపోయాయి మరి. మధ్యలో మా చిన్నాన్న గారి తుమ్ము అక్కరకు వచ్చింది. శుభమా అని పిల్లను పంపుతుంటే తుమ్మారని అందరూ ఒక నిమిషం ఆగడం వీడియోలో స్పష్టంగా ఉంది. దాన్ని హద్దుగా పెట్టి రెండు ముక్కలు చేశాం. మొదటి 900 సెకన్లలో లోటు 9, రెండవ 900లో లోటు 18. మొత్తం 27, లెక్క టాలీ అయింది. మొదటి ముక్కకు 0.99, రెండవదానికి 0.98. ఆడాసిటీ వీడియోను అతికించదు. శబ్దాన్ని విడిగా భద్రపరిచి, వీడియో సాఫ్ట్‌వేరులో బొమ్మ కింద పెట్టాలి.

వేగం తగ్గించాక గొంతు కూడా మారింది. మనవడికి తేడా తెలియలేదు. చెవి యంత్రం పెట్టుకున్న నాకు తెలిసింది. అంతకు ముందు కొంచెం సన్నగా, తొందరగా ఉన్న గొంతు, సవరించాక మా ఆవిడ గొంతైంది.

మూడవ చరణం మధ్యలో ఆవిడ పాడలేక ఆగిపోతుంది. మిగతా ఆడవాళ్లు అందుకుంటారు. కాసేపటికి ఆవిడ మళ్లీ కలుస్తుంది. సరిగ్గా అప్పుడు వీడియో అతను కెమెరాను కారు అలంకరణ వైపు తిప్పాడు. బొమ్మలో పూలదండలు, వినబడేది ఆవిడ. అక్కడ కలపడానికి పెదవులు లేవు కనుక అలాగే ఉంచేశాం.

సభ్యుల ఇళ్లలో ఇటువంటి కేసెట్లుంటే బూజు పట్టకముందే బయటికి తీయండి. ముందు నిదానంగా ఒకసారి చివరిదాకా చుట్టి, వెనక్కి చుట్టి, అప్పుడు వినండి. అసలు కేసెట్టు ఎవరికిచ్చినా రసీదు తీసుకోండి. నాకు కబురు చేస్తే కేబులు పట్టుకుని వస్తాను. ఆదివారం మధ్యాహ్నమైతే అనుకూలం, మిగతా రోజుల్లో మా మనవడికి ట్యూషను ఉంటుంది.