నిద్రజబ్బు గుట్టు విప్పిన వైద్యుడు

జ్వరం తగ్గింది, ప్రాణం దక్కింది. కాని బిడ్డ చేతులు వణుకుతున్నాయి, మెడ ఒక పక్కకు తిరిగిపోతోంది, ముఖంలో నవ్వు లేదు. హకీములు సర్సామ్ అని పిలిచిన మెదడువాపు నుండి బయటపడిన కొందరిలో ఇలా జరుగుతుంది. దీనిని ఆసేబ్ అనుకొని తావీజుల కోసం తిరిగే తల్లిదండ్రులు నేటికీ ఉన్నారు. అటువంటివారు తెలుసుకోదగినది డాక్టర్ కాన్‌స్టాంటిన్ ఫాన్ ఎకొనోమో జీవితం.

ఆయన 1876లో రుమేనియాలో ఒక గ్రీకు కుటుంబంలో జన్మించారు. ట్రియెస్టె రేవు పట్టణంలో పెరిగారు. వియన్నాలో రెండేళ్ళు ఇంజనీరింగ్ చదివి, ఆపై వైద్యవిద్యకు మారి 1901లో పట్టా పొందారు. విమానం నడపడమంటే ఆయనకు మహా ఇష్టం. మొదటి ప్రపంచయుద్ధంలో పైలట్‌గా పనిచేశారు. సోదరుడు మరణించాక తల్లిదండ్రుల మాట మన్నించి వియన్నాకు తిరిగివచ్చి, తలకు గాయాలైన సైనికులకు వైద్యం చేశారు.

1916-17 చలికాలంలో ఆస్పత్రికి వింత రోగులు రాసాగారు. కొందరు అన్నం తింటూనే నిద్రలోకి జారిపోయేవారు. కొందరి కనుగుడ్లు కదిలేవి కావు. ఒక్కొక్కరి జబ్బుకు ఒక్కో పేరు పెట్టారు. ఎకొనోమో మాత్రం ఇది ఒకే వ్యాధి అని గ్రహించారు. మరణించినవారి మెదళ్ళను పరీక్షించి వాపు ఎక్కడుందో చూపారు. 1917 ఏప్రిల్‌లో ఆ సంగతి వైద్యుల సభలో వెల్లడించారు.

బ్రతికి బయటపడినవారిలో ఎందరికో కొన్నేళ్ళకు ఒళ్ళు బిగిసింది, నడక మందగించింది, చేతులకు రాషా, అంటే వణుకు, పట్టుకుంది. కదలికలను నడిపించే మెదడు కణాలు నశించడమే ఇందుకు కారణమని తేలింది. అది సోమరితనమూ కాదు, పిచ్చీ కాదు. ఎకొనోమో 1931లో కన్నుమూశారు.

1937లో మద్రాసు శాస్త్రవేత్తలు మన కంచెల మీద పాకే దూలగొండి గింజల నుండి ఎల్-డోపా అనే పదార్థాన్ని వేరుచేశారు. 1969లో న్యూయార్క్‌లో అదే మందుతో, దశాబ్దాలుగా కొయ్యబారి ఉన్న ఆ రోగులు లేచి నడిచారు. అయితే చాలామందిలో ఆ మేలు నిలవలేదు. కనుక ఆ గింజలను ఇంట్లో నూరి మింగించరాదు.

మన రాష్ట్రంలో కనిపించిన జపనీస్ మెదడువాపు వేరే వ్యాధి. కాని అదీ కొందరిలో ఇలాంటి వణుకు, బిగుతు మిగిల్చి పోతుంది. పందులు, కొంగల నుండి దానిని దోమలు మోసుకొస్తాయి. ఆ దోమలు నీరు నిలిచిన వరి మడుల్లో పెరుగుతాయి. పత్తి, మిరప పండే గుంటూరు, ప్రకాశం పల్లెల్లోనూ సాగర్ కాలువ కింద వరి ఉంది. ఈ వ్యాధి ఉన్న జిల్లాల్లో పిల్లలకు టీకాలు వేయడం దేశంలో 2006లో మొదలైంది.

జ్వరం వెళ్ళాక బిడ్డ నడకలో, చూపులో తేడా కనిపిస్తే నరాల వైద్యుని వద్దకు తీసుకువెళ్ళాలి. మందులతో, వ్యాయామంతో కొందరు చాలావరకు కోలుకుంటారు. దుఆ తప్పక చేయాలి. దవా కూడా ఇప్పించాలి.